చప్పట్లు ఎవరికి? – పియానో విద్వాంసుడూ, ఎదుట కూర్చున్న శ్రోతలూ

సంగీతాన్ని గురించి వ్రాసేవారు రాగాన్ని గురించి వ్రాస్తారు, తాళాన్ని గురించి వ్రాస్తారు, విద్వాంసుణ్ణి గురించి వ్రాస్తారు. ఎదురుగా కూర్చున్న శ్రోతను గురించి వ్రాసేవారు తక్కువ. నిజానికి కచేరీలో సగం పాత్ర అతనిదే. అతడు ఎక్కడ తల ఊపుతాడో, ఎక్కడ ‘ఆహా’ అంటాడో, ఎక్కడ ఈల వేస్తాడో, రేపటి కచేరీ దాన్నిబట్టే తయారవుతుంది. కనుక చప్పట్లు ఎందుకు పుడతాయో, ఎవరికి చెందుతాయో కాస్త ఆలోచించడం మనబోటి విద్యార్థులకు, అధ్యాపకులకు కూడా అవసరమే.

మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. నెల్లూరులో రైలెక్కితే సుమారు మూడు గంటల్లో చేరే చెన్నైలో పెరిగిన కుర్రవాడు లిడియన్ నాదస్వరం. 2019లో, పదమూడేళ్ళ వయసులో, అమెరికాలోని సి.బి.ఎస్. టెలివిజన్ వారి ‘ది వరల్డ్స్ బెస్ట్’ పోటీలో గెలిచి 10 లక్షల డాలర్ల బహుమతి అందుకున్నాడు. ఆ పోటీలో అతడు పియానో మీద వాయించిన వాటిలో జనం నోట బాగా పడింది ‘ఫ్లైట్ ఆఫ్ ది బంబుల్ బీ’. మన మాటల్లో చెప్పాలంటే తుమ్మెద విహారం.

ఇది మొదట పియానో కోసం పుట్టినది కాదు. రష్యా స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ సంగీతం కూర్చిన ఒక సంగీత నాటకంలోని చిన్న ఘట్టం. ఆ నాటకం 1900లో మాస్కోలో మొదటిసారి ప్రదర్శించారు. మాయ హంస ఒకటి రాకుమారుణ్ణి తుమ్మెదగా మారుస్తుంది. అతడు సముద్రం దాటి తండ్రి దగ్గరికి ఎగిరి వెళతాడు. ఆ రెక్కల ఝంకారాన్ని వాద్యబృందంలోని వయొలిన్లు, వేణువులు పంచుకుని పలికిస్తాయి. తర్వాత రహ్మనినోవ్ వంటి పియానో విద్వాంసులు దాన్ని తమ వాద్యానికి అనువుగా మార్చి కూర్చారు. నాటకాలలో ‘అనుసరణ’ అంటామే, అలాంటిదే ఇదీను. పలువురు పంచుకున్న పని ఒక్క మనిషి రెండు చేతుల మీద పడుతుంది. చేతి సత్తా చూపించడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది?

లిడియన్ ఆ రచనను మొదట నిమిషానికి 208 బీట్ల వేగంతో వాయించాడు. తర్వాత అదే రచనను 325 బీట్ల వేగంతో అందుకున్నాడు. వ్రాతప్రతిలో ఒక్కో బీటుకు నాలుగేసి స్వరాలుంటాయి. ఆ లెక్కన మొదటిసారి సెకనుకు దాదాపు 14 స్వరాలు, రెండోసారి 21కి పైమాటే. సెకనుకు ఇరవై దాటితే స్వరాలను విడివిడిగా పట్టుకోవడం మన చెవికి చాలా కష్టం. అన్నీ కలిసిపోయి ఒకే ‘ఝుమ్’ అనే నాదంగా తోస్తాయి. తుమ్మెద కథకు అది అతికినట్టే సరిపోయిందనుకోండి! హాలు హాలంతా లేచి నిలబడింది.

ఇలాంటి వాయింపు విన్నవారిలో ఎప్పుడూ రెండు జట్లు ఏర్పడతాయి. “వాడు మనిషా, యంత్రమా!” అని నోరు తెరిచేవారు ఒక జట్టు. “వేగం సరేనయ్యా, సంగీతం ఏదీ?” అని పెదవి విరిచేవారు మరో జట్టు. మొదటివారిని రెండోవారు పామరులంటారు. రెండోవారిని మొదటివారు ఓర్వలేనివాళ్ళంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అదెంతో తెలియాలంటే చప్పట్లలో కలిసివుండే పాళ్ళను విడదీసి చూడాలి.

మొదటి పాలు కంటిది. 1830లలో పారిస్‌లో తాల్‌బెర్గ్ అనే విద్వాంసుడు పియానో వాయిస్తుంటే శ్రోతలకు మూడు చేతులు వాయిస్తున్నట్టు వినిపించేదట. కిటుకు ఇది: అసలు పాటను మెట్ల నడిమి భాగంలో రెండు చేతుల బొటనవేళ్ళూ వంతులవారీగా పలికిస్తాయి. కాలి కింది పెడల్ నొక్కి ఉంచితే ఆ స్వరం వేలు తీసినా మోగుతూనే ఉంటుంది. ఆ సందులో మిగతా వేళ్ళు పైకీ కిందికీ పరుగులు తీసి వస్తాయి. చెవి పాటను ఒకచోట, పరుగులను మరోచోట వింటుంది. కన్ను చూస్తే చేతులు రెండే. ఈ లెక్క కుదరకపోవడం వల్లనే ఆశ్చర్యం పుడుతుంది.

రెండో పాలు భయానిది. గడసాము చేసేవాడు పైకెక్కుతుంటే కింద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. దిగగానే చప్పట్లు కొడతారు. అందులో ‘అమ్మయ్య’ కూడా ఉంటుంది. కష్టమైన రచన చివరి స్వరం సరిగ్గా పడినప్పుడు మోగే చప్పట్లలోనూ ఈ అమ్మయ్యే ఉంది.

మూడో పాలు ఎరుకది. నా ఉద్దేశంలో ఇదే ముఖ్యం. తాల్‌బెర్గ్‌కు పోటీదారైన లిస్ట్, 1841 డిసెంబరు నుంచి 1842 మార్చి వరకు బెర్లిన్‌లో ఇరవైకి పైగా కచేరీలు చేశాడు. అతని చేతి తొడుగుల కోసం, రుమాళ్ళ కోసం జనం ఎగబడ్డారు. ఈ వెర్రికి 1844లో హైనే అనే కవి ‘లిస్టోమేనియా’ అని పేరు పెట్టాడు. ఆనాడు అతడు వాయించిన వాటిలో చాలా భాగం అనుసరణలే. షూబెర్ట్ పాట ‘ఎర్ల్‌కింగ్’ చూడండి. తండ్రి జబ్బు బిడ్డను ఒడిలో పెట్టుకుని రాత్రివేళ గుర్రం మీద వెళుతుంటాడు. అసలు పాటలో గాయకుడు గొంతుతో కథ చెబితే, పక్కన పియానో గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. లిస్ట్ కూర్పులో ఆ గొంతూ, ఆ డెక్కలూ రెండూ అతని పది వేళ్ళలోనే ఉన్నాయి. పాట ముందుగా తెలిసినవాడికి కదా, గాయకుడు లేకుండానే పాట వినిపించిందన్న అద్భుతం తెలిసేది!

కనుక సత్తా చూపే అనుసరణ ఒక పందెం వంటిది. ఎరిగిన పాట ఒకవైపు, ఎరుగని వేళ్ళు మరోవైపు. పాట తెలియనివాడికి మిగిలేది వేళ్ళ వేగం ఒక్కటే. మన ఊళ్ళో పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళంవారు సినిమా పాట ఎత్తుకుంటే చిన్నపిల్లలు సైతం గంతులు వేస్తారు. క్లారినెట్టు మీద మాటలు వినపడవు. మాటలు వాళ్ళ మనసులో ఉన్నాయి. అనుసరణ రహస్యమంతా అంతే.

లిడియన్ కూడా ముందు 208లో వాయించి, తర్వాతనే 325కి వెళ్ళాడు. శ్రోత చేతికి ముందు కొలబద్ద ఇచ్చాడన్నమాట. ఇది మనకు కొత్త కాదు. 2020లో బాలుగారి పేరు పెట్టుకున్న మన నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలలోనైనా, వీధి అరుగు మీద చెప్పుకునే పాఠంలోనైనా, సరళీ స్వరాలు మూడు కాలాల్లో సాధన చేయిస్తారు. మొదటి కాలం విన్నవాడికే మూడో కాలం విలువ తెలుస్తుంది. తని ఆవర్తనంలో మృదంగం ముక్తాయింపు వేసి సరిగ్గా సమానికి వచ్చి పడినప్పుడు, తొడ మీద తాళం వేస్తున్నవాడు ‘భళా’ అంటాడు. తాళం వేయనివాడు పక్కవాణ్ణి చూసి చప్పట్లు కొడతాడు.

అయితే పండితుల మాటే చివరి మాట అనుకోవడమూ పొరపాటే. పియానోకు దగ్గర చుట్టం మన హార్మోనియం. దానికీ మెట్లే, దాని స్వరాలూ కదలనివే. గమకం పలకదన్న ఆక్షేపణతో 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. ఆ నిషేధం సడలడం 1971లో మొదలైంది. ఆ ముప్ఫై ఏళ్ళూ పద్యనాటకాల వేదికల మీద హార్మోనియం మోగుతూనే ఉంది. పద్యానికి ‘వన్స్‌మోర్’ కొట్టే తెలుగు ప్రేక్షకుడు రాగాలాపనకు వంతపలికే ఆ మెట్ల పెట్టెను వదులుకోలేదు. మన పురమందిరంలో నాటకం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ వన్స్‌మోర్ అజ్ఞానం కాదు. పద్యం కంఠతా వచ్చినవాడు కొట్టే వన్స్‌మోర్ అది. చిట్టిబాబు వీణ మీద ‘కొమ్మలో కోయిల’ వినిపించినప్పుడు శ్రోతలు మురిసిపోయింది కూడా తమ పెరటి కోయిల గొంతు తమకు తెలుసు గనుకనే.

ఇక అసలు చిక్కు. చప్పట్లకు విద్వాంసుణ్ణి వంచే బలం ఉంది. నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హోరోవిట్జ్, ఆ దేశపు ప్రసిద్ధ కవాతు గీతం ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ను పియానోకు కూర్చి కచేరీ చివర వాయించేవాడు. పియానోలో ఒక బ్యాండే దాగివుందా అనిపించే కూర్పు అది. జనం కచేరీ సాగుతున్నంతసేపూ దానికోసమే ఎదురుచూడటం మొదలుపెట్టారు. లిస్ట్ తన 35వ ఏట, 1847లో, టిక్కెట్టు కచేరీలకు స్వస్తి చెప్పి స్వరరచనకు మళ్ళాడు. విందులో చివరి మిఠాయి కోసం అన్నం ముట్టని అతిథి వంటవాణ్ణి మిఠాయి కొట్టువాడిగా మారుస్తాడు.

మన కళాశాలల వార్షికోత్సవాల్లోనూ వేగానికి పడినన్ని ఈలలు విలంబానికి పడవు. ఈలలు మానమని అనను. ఆశ్చర్యపోవడం యౌవనానికి అందం. ఒక్కటి మాత్రం చేయవచ్చు. మెరుపు వేగపు అనుసరణ వినేముందు దాని మూలాన్ని, నెమ్మదిగా ఒక్కసారి వినండి. అప్పుడు మన చప్పట్లు వేళ్ళకే కాదు, పాటకూ చేరతాయి. అలాంటి చప్పట్లు విన్న విద్వాంసుడు మరుసటిసారి మరింత వేగం కాదు, మరింత సంగీతం తెస్తాడు.