రెండో భాష ఇచ్చిన నాలుగున్నరేళ్లు

భార్య వంటింట్లో కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. పక్కనే నిలబడ్డ భర్త "కాఫీ ఏదీ?" అంటాడు. నిన్నమొన్నటిదాకా ఆమె ముఖం కాస్త చిన్నబోతే చాలు, ఏమైందని పదిసార్లు అడిగిన మనిషే. మతిమరుపా అంటే లేదు. బ్యాంకు లెక్కలు తప్పడు, మనవళ్ల పుట్టినరోజులు గుర్తున్నాయి. "వయసు మీదపడ్డాక మొండితనం పెరిగింది" అని బంధువులు తేల్చేస్తారు. ఇలాంటి ఇళ్లలో గొడవలు బాగా ముదిరాక గానీ న్యూరాలజిస్టు గుర్తుకురాడు.

డిమెన్షియా అంటే మతిమరుపే అనుకుంటాం. అల్జీమర్స్‌లో జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ తొలిదశలోనే దెబ్బతింటుంది కాబట్టి అక్కడ అది నిజమే. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా దారి వేరు. నుదురు వెనుకా, కణతల దగ్గరా ఉండే మెదడు భాగాలు ఇందులో క్షీణిస్తాయి. చాలామందిలో 45-65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. కొందరికి మాట పోతుంది. కొందరికి మాట నిలిచి, ఎదుటి మనిషి మనసు తెలుసుకునే శక్తి పోతుంది.

ఆ శక్తిని పరీక్షించేందుకు ముఖాల ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తారు. సంతోషం, విచారం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం... ఈ ఆరింటిలో ఏదో చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్లు నవ్వుముఖాన్ని చాలావరకు పోల్చుకుంటారు. భయం, కోపం, అసహ్యం దగ్గరే తడబడతారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్మన్ 1976లో వెలువరించిన ఫొటోలు ఇప్పటికీ ఈ పరీక్షల్లో వాడుకలో ఉన్నాయి. అవి పాశ్చాత్యుల ముఖాలు. మన ఊళ్లో మనిషికి వాటిని చూపించి మార్కులు వేసేటప్పుడు ఆ సంగతి మరవకూడదు.

డిమెన్షియా పరిశోధనలో ప్రపంచం హైదరాబాద్ వైపు చూసిన సందర్భం ఒకటుంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఒక్క భాషే తెలిసినవాళ్లకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. మూడో భాషతో అదనపు లాభం కనిపించలేదు.

కెనడాలో ఎలెన్ బియలిస్టాక్ బృందం 2007లోనే ఇలాంటి మాట చెప్పింది. అయితే అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాషదా, వలసదా అన్న సందేహం మిగిలింది. హైదరాబాద్‌లో ఆ పేచీ లేదు. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడటం పుట్టుకతో వచ్చిన అలవాటు. చదువు వల్లేమో అనుకుందామా? అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే. బడి గడప తొక్కని మనిషి నాలుగు మాటలు నేర్చి బతికిన బతుకే ఆ మెదడుకు అండగా నిలిచింది.

2017లో ఇదే కోవలో వచ్చిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో ప్రవర్తన మారే రకం ద్విభాషుల్లో ఆలస్యంగా మొదలైంది. మాట పోయే రకంలో ఆ ఆలస్యం లేదు. పక్షవాతం వచ్చినవాళ్ల మీద 2016లో చేసిన పరిశీలనా అటువంటిదే. ఆలోచనా శక్తి చెక్కుచెదరనివాళ్లు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం తేడా లేదు.

భాష మాటను కాపాడకుండా ఆలోచనను కాపాడటమేమిటి? రెండు భాషల మనిషి నోరు తెరిచే ప్రతిసారీ ఎదుట ఉన్నదెవరో చూసుకోవాలి, ఒక భాషను ఎంచుకోవాలి, రెండోదాన్ని అణచిపెట్టాలి. ఆ అదుపు పని ఎక్కువగా నుదుటి వెనుక భాగాలది. నడవడికను అదుపులో ఉంచేదీ అవే. ఏళ్ల తరబడి సాగిన ఈ సాధన వల్లే అవి జబ్బును మరికొంతకాలం తట్టుకుంటున్నాయని పరిశోధకుల వివరణ. అయితే ఇవన్నీ ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలే. రెండో భాష జబ్బును రాకుండా ఆపుతుందని ఎవరూ అనలేదు.

దేశంలో 60 దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. ఐసీఎంఆర్ తయారుచేయించిన జ్ఞాపకశక్తి, భాష పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి. మీ పెద్దవాళ్లను తీసుకెళ్లినప్పుడు ఏ భాషలో పరీక్షిస్తున్నారో అడగండి. ఇంట్లో ఏ భాష, బయట ఏ భాష మాట్లాడతారో డాక్టరుకు చెప్పండి. మతిమరుపు లేకపోయినా నడవడిక మారితే అదీ చెప్పండి. తాను మారానన్న సంగతి ఆ మనిషికి తెలియకపోవచ్చు కాబట్టి, భార్యో పిల్లలో డాక్టరుతో విడిగా కూర్చుని మాట్లాడాలి.