వాట్సాప్ వెనక ఎర్లాంగ్

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో 'మన మిత్ర' సేవలు మొదలుపెట్టింది. ఆ ఏడాది ఇంటర్ హాల్ టికెట్లు కూడా అందులోనే ఇచ్చింది. కోనసీమ పిల్లలకు వాట్సాప్ అంతకుముందే ఇంటి మనిషి. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనికి వెళ్లిన అమ్మ గొంతు వాయిస్ మెసేజ్‌లో వినేది దానిలోనే. ఆ మెసేజీలు మోసే సర్వర్లకు ప్రాణం ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాష. సి, జావా, పైథాన్ నేర్చుకున్న మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది దాని పేరైనా వినకుండానే డిగ్రీ పుచ్చుకుంటున్నారు.

ఫంక్షనల్ భాషల మూలం కంప్యూటర్ కంటే పాతది. 1930లలో అలోంజో చర్చ్ అనే అమెరికన్ తార్కికుడు ఏ లెక్కనైనా ఫంక్షన్లతోనే చెప్పవచ్చని లాంబ్డా కలనంలో చూపించాడు. 1958లో జాన్ మెకార్తీ ఆ ఆలోచనను తీసుకుని లిస్ప్ భాషకు రూపమిచ్చాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, తర్వాత ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈ మెకార్తీ దగ్గరే.

ఫంక్షనల్ భాషల తీరు తెలియాలంటే ఎర్లాంగ్ షెల్ తెరిచి 'ఎక్స్ = 5.' అని కొట్టాలి. తర్వాత 'ఎక్స్ = 6.' అని కొడితే ఎర్రర్ వస్తుంది. ఒకసారి 5 అన్నాక ఎక్స్ ఇక 5 గానే ఉంటుంది. విలువ మారకపోతే లూప్ ఎలా నడుస్తుంది? నడవదు, ఎర్లాంగ్‌లో ఫర్ లూప్, వైల్ లూప్ లేవు. దాళ్వాలో మూడు చేల నుంచి 40, 35, 42 బస్తాలు వచ్చాయనుకుందాం. మొత్తం కావాలంటే రెండు మాటలు రాస్తే చాలు: ఖాళీ జాబితా మొత్తం సున్నా, ఖాళీ కాకపోతే మొదటి అంకెకు మిగిలిన జాబితా మొత్తం కలపాలి. 40కి [35, 42] మొత్తం, 35కి [42] మొత్తం, 42కి ఖాళీ జాబితా మొత్తం. వెనక్కి కలుపుకుంటూ వస్తే 42, 77, 117. ఫంక్షన్ తననే తాను పిలుచుకుని పని పూర్తి చేసింది. దారిలో ఏ అంకెనూ చెరిపి రాయలేదు.

1980లలో స్వీడన్ టెలిఫోన్ కంపెనీ ఎరిక్సన్‌కు ఒక చిక్కు ఉండేది. ఎక్స్ఛేంజీలో ఒకేసారి వేల కాల్స్ నడుస్తాయి, దాన్ని ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. 1986 ప్రాంతంలో ఆ కంపెనీ పరిశోధనశాలలో జో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎర్లాంగ్ పని మొదలుపెట్టాడు. రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ తోడయ్యారు.

వాళ్లు ప్రతి కాల్‌కూ విడిగా నడిచే ఒక చిన్న ప్రాసెస్ ఇచ్చారు. ప్రాసెస్‌కు మొదట్లో రెండు మూడు కిలోబైట్ల జ్ఞాపకం చాలు, అందుకే ఒక్క యంత్రంలో లక్షల ప్రాసెస్‌లు పడతాయి. ఒకదాని జ్ఞాపకంలో మరొకటి చెయ్యి పెట్టలేదు, మెసేజ్ పంపుకోవడమే దారి. ఒక ప్రాసెస్ కూలితే దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ ప్రాసెస్ మళ్లీ లేపుతుంది. డెల్టాలో పంట బోదెకు గండి పడితే ఆ బోదె తూము దించి గండి పూడుస్తారు గానీ, ప్రధాన కాలువ కట్టేయరు కదా, అలాగన్నమాట. విలువలు మారవన్న నియమం మొదట్లో సంకెలలా తోస్తుంది గానీ, ఈ నిబ్బరానికి అదే పునాది.

ఇంత చేసినా 1998లో ఎరిక్సన్‌లోని ఒక విభాగం కొత్త ఉత్పత్తులకు ఎర్లాంగ్ వద్దంది. ఆ ఏడాది డిసెంబరులోనే భాషను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ఆ విడుదలే దాన్ని బతికించింది. 2009లో పుట్టిన వాట్సాప్ ఎర్లాంగ్‌ను ఎంచుకుని, 2012 నాటికి ఒక్కో సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టింది. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించేనాటికి వాట్సాప్‌కు 45 కోట్ల మంది వాడుకదారులు, 32 మంది ఇంజనీర్లు.

అన్ని పనులకూ ఇదే భాష అనడం సరికాదు. భారీ అంకగణితానికి ఎర్లాంగ్ నెమ్మది. వేలమంది ఒకేసారి తలుపు తట్టే చోట మాత్రం దీనికి సాటి రాగలవి తక్కువ.

కాకినాడ, భీమవరం, రాజమండ్రి కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకు ఒక మాట. ఎర్లాంగ్ ఉచితం, మామూలు లాప్‌టాప్ చాలు. ఈ సెమిస్టర్ సెలవుల్లో దాన్ని దించుకుని ఒక చిన్న చాట్ సర్వర్ రాయండి. అది నడుస్తుండగా ఒక ప్రాసెస్‌ను మీ చేత్తోనే చంపి, మిగతావి ఏం చేస్తున్నాయో చూడండి.