కన్ను చూసిన లోయ ఫొటోలో ఎందుకు రాదు?

గ్రాండ్ కాన్యన్ వెళ్లొచ్చిన వాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. సూర్యోదయానికి మేథర్ పాయింట్ దగ్గర నిలబడతారు. పైన గులాబీ రంగు ఆకాశం, ఎదురుగా ఎర్రటి రాతి గోడలు, కింద నీలి నీడల్లో మైలు లోతు లోయ. ఫోన్ తీసి నొక్కుతారు. తీరా చూస్తే ఆకాశం బాగా వచ్చిన ఫొటోలో లోయంతా మసి. లోయ కనిపించిన ఫొటోలో ఆకాశం సున్నం కొట్టినట్టు తెలుపు. అదే గ్రూపులో పెడితే, "ఇది చూడ్డానికా అంత దూరం వెళ్లారు?" అని ఊళ్లో అమ్మ అడుగుతుంది.

నవ్వుకునే మాటే కానీ, ఆలోచించండి. మోకాళ్ల నొప్పులో, వీసా రాకో, అన్ని గంటలు విమానంలో కూర్చోలేకో ఇక్కడికి రాలేని పెద్దవాళ్లకి మన ఫొటోనే ప్రయాణం. మనం చూసింది వాళ్లూ చూడాలంటే హెచ్‌డీఆర్ అనే పద్ధతి తెలుసుకోవాలి. పేరు పెద్దది, పని చిన్నది.

అసలు సంగతి ఏంటంటే

మన కన్ను ఆకాశం వైపు తిరిగితే ఆ వెలుగుకి, లోయలోకి చూస్తే ఆ నీడకి సర్దుకుంటుంది. మెదడు రెండిటినీ కలిపి ఒకే దృశ్యంగా చూపిస్తుంది. కెమెరా ఒక ఫొటోకి ఒకే కొలత వెలుతురు తీసుకుంటుంది. ఫొటోగ్రఫీలో వెలుతురుని స్టాపుల్లో లెక్కపెడతారు. ఒక స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపు. అంటే 10 స్టాపుల తేడా ఉన్నచోట వెలుగు భాగం నీడ భాగం కంటే 1,024 రెట్లు ప్రకాశవంతం! ఉదయపు కాన్యన్‌లో, సూర్యుడు కూడా ఫ్రేములో ఉంటే, ఒక్క ఫొటో తట్టుకోలేదు.

అందుకే ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీస్తాం. ఒకటి మామూలుగా, ఒకటి ఆకాశం కోసం చీకటిగా, ఒకటి నీడల కోసం వెలుతురుగా. తర్వాత మూడిట్లో మంచి భాగాలు కలుపుతాం. అంతే!

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 1850ల్లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లే గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ తీసి ఒకే ప్రింటులో కలిపాడు. యోసెమిటీ ఫొటోలతో పేరు తెచ్చుకున్న యాన్సెల్ ఆడమ్స్ కొన్నిచోట్ల వెలుగు తగ్గించి, కొన్నిచోట్ల పెంచి డార్క్‌రూమ్‌లో గంటలు గడిపేవాడు. 1997లో పాల్ డెబెవెక్, మన దేశంలో పుట్టిన జితేంద్ర మాలిక్ వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోల నుంచి అసలు వెలుతురు కొలతను లెక్కగట్టే పద్ధతి ప్రచురించారు. 2010లో ఐఫోన్‌లోకీ హెచ్‌డీఆర్ వచ్చేసింది.

తీసేటప్పుడు

ఇప్పటి ఫోన్లు చాలావరకు అడక్కుండానే కొన్ని ఫ్రేములు కలిపేస్తాయి. మామూలు దృశ్యాలకి అది చాలు. కానీ ఎంత కలపాలో ఫోనే నిర్ణయిస్తుంది. ఆ పగ్గం మీ చేతిలో ఉండాలంటే, కెమెరాతో ఇలా చేయండి:

1. ట్రైపాడ్ మీద పెట్టండి. మూడు ఫొటోల మధ్య కెమెరా కదలకూడదు.
2. ఫైల్ రకం రా ఎంచుకోండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384.
3. అపెర్చర్ ప్రయారిటీ, ఎఫ్8, ఐఎస్ఓ 100. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మారకుండా ఆపేయండి.
4. బ్రాకెటింగ్‌లో మైనస్ 2, సున్నా, ప్లస్ 2 పెట్టండి. 2 సెకన్ల టైమర్ వాడితే వేలు తగిలి అదరదు.

ఆంటెలోప్ కాన్యన్ టూర్లలో ట్రైపాడ్ ఒప్పుకోరు. అక్కడ మోచేతులు ఒంటికి ఆనించి, గబగబా మూడు తీసేయండి. సాఫ్ట్‌వేర్ కొంతవరకు సర్దుతుంది. మబ్బు పట్టిన రోజు వెలుగునీడల తేడా తక్కువ కాబట్టి ఒక్క ఫొటో సరిపోతుంది.

ఫొటో కోసం అంచుకి వెళ్లకండి

ట్రైపాడ్ సర్దుతూ, స్క్రీన్ చూస్తూ, మసక వెలుతురులో వెనక్కి ఒక్క అడుగు వేస్తే చాలు. అంచుకి కనీసం 6 అడుగుల దూరంలో ఉండమని పార్కు వాళ్లే చెప్తారు. రెయిలింగ్ ఉన్నచోట దాని లోపలే ఉండండి. నీడల్లోంచి లోతుని బయటికి తెచ్చే పద్ధతి మీకు తెలిసినప్పుడు, లోతు కోసం అంచుకి పోవాల్సిన పనేముంది? చలికాలం సరస్సుల సంగతీ అంతే. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్‌లో మంచు పగిలి మనవాళ్లు ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గడ్డకట్టినట్టు కనిపించినా దాని మీద కాలు పెట్టకండి.

కలిపేటప్పుడు

లైట్‌రూమ్‌లో మూడూ ఎంచుకుని ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కండి. ఆకులు, మనుషులు కదిలి రెండేసిగా కనిపిస్తే డీఘోస్ట్ పెంచండి. తర్వాత హైలైట్స్ తగ్గించండి, షాడోస్ పెంచండి. ఇక్కడే చాలామంది చెయ్యి ఆగదు. ఇది పప్పులో ఉప్పు లాంటిది, ఎక్కువైతే తీయలేం. నీడలన్నీ వెలిగించేస్తే లోయకి లోతే పోతుంది, గోడకి అతికించిన బొమ్మలా ఉంటుంది. కొన్నిచోట్ల నలుపు అలాగే వదిలేయండి. కొండ అంచు చుట్టూ, దేవుడి పటంలో తల వెనక వెలుగులా, తెల్లటి గీత వచ్చిందా? ఎక్కువ చేశారన్నమాట. రంగులకి శాచురేషన్ బదులు వైబ్రెన్స్ కొంచెం పెంచండి. ఒక పూట పక్కన పెట్టి మళ్లీ చూడండి. "నేను చూసింది ఇదేనా?" అని అడగండి. ఆ జవాబే మీ కొలత.

ఇంటికి పంపేటప్పుడు

ఇంత కష్టపడి చేసింది వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, సన్నటి వివరాలు చెడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. మీ ఫోన్‌లో మెరిసే వెలుగు అమ్మ పాత ఫోన్‌లో అలా మెరవకపోవచ్చు. స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించి ఒకసారి చూసుకోండి, అందులో బాగుంటే అక్కడా బాగుంటుంది. వీలైతే ప్రింటు తీయించి, ఊరెళ్లే వాళ్లతో పంపండి. పెద్దవాళ్లు అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చూస్తారు.

దీనికోసం లాంగ్ వీకెండ్ దాకా ఆగక్కర్లేదు. రేపు పొద్దున మీ వంటింటి కిటికీ దగ్గరే మొదలుపెట్టండి. లోపల స్టవ్ మీద కాఫీ గిన్నె, బయట ఎండలో పెరడు. రెండూ ఒకే ఫొటోలో చక్కగా వచ్చాయంటే, కాన్యన్‌కి మీరు సిద్ధమే.