ఎక్స్‌రే నీడను చదువు యంత్రము

గోదావరిఖని, రామగుండము పరిసర గ్రామములలో సింగరేణి బొగ్గు బావులలో పనిచేసి విరమించిన కార్మికులు అనేకులు నివసించుచున్నారు. వారిలో ఒకరికి దగ్గు పట్టి, వారములు గడచినను విడువలేదనుకొందము. అది క్షయయా, లేక బొగ్గుధూళి వలన కలుగు న్యూమోకోనియోసిస్ అను వ్యాధియా? రెండును ఎక్స్‌రే చిత్రమున తెల్లని మచ్చలుగానే కన్పట్టవచ్చును. క్షయ సాధారణముగా ఆరు నెలల మందులతో కుదురును. ధూళివలన గట్టిపడిన ఊపిరితిత్తి తిరిగి పూర్వస్థితికి రాదు. కావున రోగమేదో సకాలమున తెలియుట ప్రాణావసరము. ఈ పనిలో కంప్యూటరు వైద్యునకు ఎట్లు తోడ్పడుచున్నదో మేమిచట వివరించుచున్నాము.

1895లో జర్మను శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనినది మొదలు చిరకాలము ఆ చిత్రములను చదువు పని వైద్యుని కంటిదే. ధూళివ్యాధిని కొలుచుటకై అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణ చిత్రములను సిద్ధపరచి, మచ్చల దట్టమును 12 మెట్లుగా విభజించినది. ఒకే చిత్రమును ఇద్దరు వైద్యులు వేర్వేరు మెట్లలో ఉంచుటయు కలదు.

కంప్యూటరుకు ఎక్స్‌రే చిత్రము లక్షలకొలది చుక్కల కూర్పు. ప్రతి చుక్క తెలుపు నలుపులకును ఒక అంకె ఉండును. ఆ అంకెలనుబట్టి యంత్రము ఊపిరితిత్తుల హద్దులను గీసి, గుండె మొదలగు వానినుండి వేరుచేయును. సర్వేయరు గ్రామపటమున చెరువును, పొలమును, ఊరిని హద్దులు వేసి చూపుట వంటిదే ఈ పని. పిమ్మట అనుమానింపదగిన భాగములను రంగుతో గుర్తించి, అనుమానమెంతటిదో అంకెతో తెల్పును. వైద్యులు ముందే పరిశీలించిన వేలకొలది చిత్రములను చూపి దీనికి ఈ విద్య గరపుదురు.

15 ఏండ్లు, అంతకు పైబడిన వారిలో క్షయ అనుమానితులను ఏరుటకు ఇట్టి యంత్రములను వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసినది. 2024 డిసెంబరు 7న మన దేశమున ఆరంభమైన నూరు దినముల క్షయ నిర్మూలన ఉద్యమములో చేత పట్టుకొనిపోదగిన ఎక్స్‌రే యంత్రములతోపాటు ఈ పద్ధతియు వినియోగింపబడినది.

అయితే యంత్రము మచ్చను చూడగలదు గాని, ఆ మనిషి ఎన్నేండ్లు బావిలో దిగెనో ఎరుగదు. క్షయను పట్టుటకు నేర్పిన యంత్రము ధూళిమచ్చను, ఎన్నడో మానిన పాత మచ్చను సయితము క్షయగా ఎంచవచ్చును. పైగా సిలికా అను రాతిధూళిని పీల్చినవారికి క్షయ సోకు ప్రమాదము హెచ్చు. ఒకే మనిషికి రెండు వ్యాధులును ఉండవచ్చును. కావున యంత్రపు గుర్తు తీర్పు కాదు. తెమడ పరీక్ష జరుగవలెను, వైద్యుడు చూడవలెను.

యంత్రమెరుగని సంగతి పంచాయతీ సభ్యులెరుగుదురు. ఎవరు ఏ బావిలో, ఎన్నేండ్లు, ఏ పని చేసిరో మీకు తెలియును. విరమించినవారిని, కాంట్రాక్టు పనివారిని పరీక్షా శిబిరములకు తోడ్కొని వచ్చి, ఆ వివరములను వైద్యునకు చెప్పింపుడు. మచ్చ కన్పడినంతనే క్షయరోగియని ఎవరిని వెలివేయనీయకుడు. క్షయయని తేలినచో చికిత్సాకాలమున పోషకాహారమునకై నెలకు 1000 రూపాయల చొప్పున అందునట్లు చూడుడు; ఈ మొత్తము 2024 నవంబరునుండి పెంచబడినది.

2023లో ఆరంభమైన క్షయరహిత పంచాయతీ పథకమున 1000 మంది జనాభాకు ఏటా కనీసము 30 మంది అనుమానితులను పరీక్షింపవలెనను నియమము కలదు. రోగులను దాచి సంఖ్య తగ్గించుట ఘనత కాదు. వెదకి, పరీక్షించి, కుదుర్చుటయే గ్రామమునకు మేలు.