అడవి దారిలో ఆగిన బండి

ఉర్దూలో సఫర్ అంటే ప్రయాణం. ఆంగ్లంలో అదే ధ్వనిగల మాటకు బాధపడడమని అర్థం. ఈ రెండింటినీ జోడించి చెప్పే చమత్కారం మన ఇళ్ళలో ప్రతి ప్రయాణానికీ ముందు ఎవరో ఒక పెద్దవారి నోట వినిపిస్తూనే ఉంటుంది. గుడారం, వంటసామాను, పరుపులు, పిల్లలు, వారితోపాటు నానీయో దాదీయో, ఇందరినీ ఒక్క బండిలో ఎక్కించుకొని సెలవులలో అడవికి బయలుదేరిన కుటుంబానికి దారిమధ్యలో ఆ బండి ఆగిపోతే, ఆ చమత్కారం నవ్వు పుట్టించదు. బండి ఏ కారణాలచేత ఆగుతుంది, ఆగినప్పుడు ఏది ముందు చేయవలెను, ఏది చేయరాదు అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచాము.

మోటారు బండిపై జరిగిన మొట్టమొదటి దూరప్రయాణమే ఒక కుటుంబ ప్రయాణమనీ, అది ఆద్యంతం మరమ్మతులతోనే సాగినదనీ మన విద్యార్థులలో కొందరికే తెలిసి ఉంటుంది. 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేసుకున్నారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తతో మాటమాత్రమైనా చెప్పకుండా, యూజెన్, రిచర్డ్ అనే తమ కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని తన పుట్టింటికి ఆ మూడు చక్రాల బండిపై బయలుదేరారు. దూరం నూరు కిలోమీటర్లకు పైగా ఉన్నది. దారిలో ఇంధనపు గొట్టం మూసుకుపోగా ఆమె తన టోపీ సూదితో దానిని శుభ్రపరిచారు. నిప్పురవ్వ పుట్టించే విద్యుత్తు తీగకు ఒరిపిడి తగులగా మేజోడు పట్టీని చుట్టి దానిని కాపాడారు. ఇంధనం తరిగిపోగా వీస్లోక్ పట్టణంలో ఒక మందుల దుకాణంలో లిగ్రాయిన్ అనే ద్రవాన్ని కొన్నారు. గొలుసు చెడగా కమ్మరి సరిచేశాడు. దిగుడు దారులలో కొయ్య బ్రేకులు అరిగిపోగా, చెప్పులు కుట్టేవానిచేత వాటికి తోలు కొట్టించారు. ఎత్తు దారులలో పిల్లలు దిగి తోశారు. ఇంజనును చల్లబరచే నీరు ఆవిరైపోతూ ఉంటే, దొరికిన చోటనల్లా నీరు నింపుకుంటూ సాగారు. సాయంకాలానికి చేరుకొని భర్తకు తంతి పంపారు.

ఈ వృత్తాంతాన్ని సాహసగాథగా చెప్పుకొనడం పరిపాటి. మాకు అందులో ఎక్కువ ముఖ్యమని తోచిన సంగతి వేరొకటి ఉన్నది. ఆమె దారిలో కమ్మరి ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడున్నాడు, మందుల దుకాణం ఉన్నది. కొన్ని మైళ్ళకొక ఊరు తగిలేది. మన నల్లమలలో ఆ సౌకర్యం లేదు. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దాటినది మొదలు, కర్నూలు వైపు నుండి ఆత్మకూరు దాటినది మొదలు, బండి ఆగితే చుట్టూ అడవి తప్ప మరేమీ కనిపించని చోట్లు అనేకం. ఫరహాబాద్ అనే పేరుకు ఆనందపు నెలవని అర్థమని ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు; కాని చీకటి పడ్డాక ఆ పరిసరాలలో కదలని బండిలో కూర్చున్నవారికి ఆ అర్థం స్ఫురించడం కష్టం.

పైగా ఇది పులుల సంరక్షణ ప్రాంతం. మన్ననూరు చెక్‌పోస్టు వద్ద రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు అటవీ శాఖ రాకపోకలను నిలిపివేస్తుంది. దీనివలన జంతువులకు మేలు జరుగుతున్నది, అందులో సందేహం లేదు. అయితే రాత్రి ఎనిమిదిన్నరకు లోపల ఎక్కడో ఆగిపోయిన కుటుంబానికి దీని పర్యవసానమేమో ఆలోచించవలెను. గేటు మూసిన కొంతసేపటికి, అంతకుముందు లోపలికి వచ్చిన చివరి లారీ కూడ దాటిపోతుంది. ఆ తరువాత తెల్లవారేవరకు దారిన పోయేవారి సహాయం ఆశించడానికి లేదు. అందుచేత బండి ఆగిన మొదటి అరగంటను బానెట్టు క్రింద తల దూర్చి గడపడం కంటె, వచ్చే ఆర్టీసీ బస్సును ఆపి, డ్రైవరు చేతికి బండి నంబరు, మనుషుల సంఖ్య, దగ్గరి కిలోమీటరు రాయి మీది అంకె వ్రాసిన కాగితమిచ్చి, చెక్‌పోస్టులో అందజేయమని కోరడం మేలు. అడవిలో చాలా దూరం సెల్‌ఫోనుకు సంకేతం అందదు. అయినా 112కు ప్రయత్నించవలెను. మన కంపెనీ సంకేతం లేకున్నా, వేరొక కంపెనీ సంకేతం ఉన్నచో ఆ పిలుపు దాని ద్వారా పోగలదు. జాతీయ రహదారులపై సహాయానికి 1033 అనే సంఖ్య ఉన్నది.

ఇక మనుషులు ఎక్కడ ఉండవలెనన్న ప్రశ్న. ఇక్కడ రెండు నియమాలు ఎదురెదురుగా నిలబడతాయి. రహదారిపై ఆగిన బండిలో కూర్చుండరాదు. వెనుక నుండి వచ్చే లారీ ఢీకొంటే లోపలివారికి తప్పించుకొనే దారి ఉండదు. అడవిలో బండి దిగరాదు. బండిని చూచి తొలగిపోయే జంతువు ఒంటరిగా నడిచే మనిషిని చూచి అట్లే తొలగిపోతుందన్న భరోసా లేదు. రెండూ ప్రాణరక్షణ కోసం పుట్టిన నియమాలే. మా అభిప్రాయంలో వీటిని వేళను బట్టి, చోటును బట్టి నిర్ణయించుకొనవలెను. పగటివేళ, వాహనాలు జోరుగా నడిచే దారిలో, అందరూ దిగి రోడ్డు అంచుకు ఆవల, బండికి దూరంగా నిలబడవలెను. బండి వెనుకగాని రెండు బండ్ల నడుమగాని నిలబడడం ఎంతమాత్రం కూడదు. చీకటి పడి, రాకపోకలు తగ్గిన అడవి దారిలో, బండిని రోడ్డు అంచుకు నెట్టి, హెచ్చరిక దీపాలు వెలిగించి, లోపలే ఉండవలెను. సహాయం కోసం ఎవరో ఒకరు కాలినడకన పోతామనడం సహజం. ఇంటి పెద్దలు దీనికి ఒప్పుకొనరాదు.

లోపల ఉన్నప్పుడు రెండు అపాయాలు కలవు. ఎండలో అద్దాలు మూసిన బండిలో వేడి పది నిమిషాలలోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. పసిపిల్లలకు, వృద్ధులకు ఇది ప్రాణాంతకం. రెండవది, ఏసీ కోసం ఇంజను నడుపుతూ నిద్రపోవడం. పొగగొట్టం నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. అది లోపలికి చేరితే నిద్రలో ఉన్నవారు ఆ సంగతి తెలియకుండానే స్పృహ కోల్పోతారు. ఇంజను ఆపి, అద్దాలు కొంచెం దించుకొని కూర్చొనడమే క్షేమం. మధుమేహమున్న పెద్దల మందులు, ఖర్జూరాలో బిస్కట్లో, తాగునీరు, ఇవి సామాను అడుగున ఉండకుండా చేతికందే చోట ఉండవలెను. నీటి విషయంలో ఒక మాట: రేడియేటరుకు పోయవలసిన నీరు వేరు, మనుషులు త్రాగవలసిన నీరు వేరు. రెండు డబ్బాలు విడివిడిగా పెట్టుకోని కుటుంబం ఎవరి దప్పిక ముందు తీర్చవలెనో తేల్చుకొనవలసి వస్తుంది.

హెచ్చరిక త్రిభుజాన్ని బండికి ఆనించి పెట్టడం కొందరికి అలవాటు. దానివలన ప్రయోజనం లేదు. కనీసం యాభై మీటర్లు వెనుకగా పెట్టవలెను. ఘాట్ రోడ్డులోనైతే మలుపు తిరగకముందే వెనుకవారికి కనిపించే చోట ఉంచవలెను. త్రిభుజం లేనప్పుడు మన లారీ డ్రైవర్లు చెట్టుకొమ్మలు, రాళ్ళు పెడతారు. ఉపాయం మంచిదే. కాని బండి బాగుపడగానే ఆ రాళ్ళను అక్కడే వదలి వెళ్ళిపోతారు. ఆ రాత్రే మోటారుసైకిలుపై వచ్చే మరొకరికి అవి మృత్యువులవుతాయి. రాయి పెట్టిన చేయి దానిని తీసివేసి కదలవలెను.

ఇప్పుడు యంత్రం సంగతి. నిండు బరువుతో ఘాట్ ఎక్కే బండ్లకు సామాన్యంగా వచ్చే జబ్బు వేడెక్కడం. బండి మెల్లగా నడుస్తుంది, ఇంజను మాత్రం గట్టిగా పనిచేస్తుంది, ఎదురుగాలి రేడియేటరుకు చాలదు. ముల్లు ఎర్రగీత వైపు జరుగుతున్నదని గమనించగానే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరును పూర్తిగా తెరవవలెను. మండువేసవిలో హీటరేమిటని నవ్వరాదు. హీటరు కూడ ఒక చిన్న రేడియేటరే, ఇంజను వేడిలో కొంత భాగాన్ని అది లోపలికి లాగివేస్తుంది. ఆవిరి కనిపిస్తే మాత్రం బండి నిలిపి ఇంజను ఆపివేయవలసినదే.

ఆ తరువాత చేయరాని పని ఒకటున్నది: రేడియేటరు మూత తెరవడం. దీని కారణం భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి సులభంగా బోధపడుతుంది. మామూలు వాతావరణ పీడనంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి పీడనాన్ని ఇంచుమించు మరొక వాతావరణమంత పెంచి ఉంచుతుంది. అందుచేత లోపలి నీరు దాదాపు 120 డిగ్రీల వరకు మరగకుండా ఉండగలదు. మూత తిప్పిన క్షణంలో పీడనం పడిపోయి, ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. తడిగుడ్డ చేత పట్టుకొని తెరిచేవారి ధైర్యం అజ్ఞానమే. కనీసం అరగంట ఆగవలెను, పై గొట్టాన్ని చేతితో తాకగలిగినంతగా చల్లబడవలెను. ఆ లోపల ఫ్యాను దగ్గర వ్రేళ్ళు పెట్టరాదు. నేటి బండ్లలో ఇంజను ఆగి ఉన్నా ఫ్యాను దానంతటది తిరగవచ్చు. కాగుతున్న ఇంజనులో చన్నీరు పోస్తే లోహం పగలవచ్చు. చల్లబడిన తరువాత పోసిన నీరు నిలిచినదా, గొట్టం నుండి కారిపోతున్నదా అని చూచి, నిలిస్తేనే నెమ్మదిగా కదలవలెను.

దిగేటప్పుడు వేడెక్కేది బ్రేకు. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగవలెనన్నది పాత డ్రైవర్ల మాట; నేటికీ దానిని మించిన మాట లేదు. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రలులో దిగేవారికి బరువంతా బ్రేకులపైనే పడుతుంది. బ్రేకు నూనె కాలక్రమాన తేమ పీల్చుకుంటుంది. అట్టి నూనె అధిక వేడికి మరిగి బుడగలు కడితే పెడలు మెత్తబడి లోపలికి పోతుంది. కాలిన వాసన రాగానే ఆగవలెను, చక్రాలపై నీరు చల్లక వాటంతటవే చల్లారనివ్వవలెను.

పంచరు గురించి అందరికీ తెలిసినదే కనుక తెలియనివి మాత్రమే చెబుతాము. జాకీ ఎత్తకముందే, చక్రం నేలమీద ఉండగానే నట్లను కొంచెం వదులు చేయవలెను. ఎత్తిన తరువాత బలం పెడితే చక్రం తిరుగుతుంది, బండి జాకీ నుండి జారుతుంది. అడవి దారి పక్కన నేల మెత్తన. జాకీ క్రింద చదునైన పలక ఉండవలెను. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు మూలనున్న చక్రానికి రాయి అడ్డుపెట్టి, నిద్రపోతున్న పిల్లలనైనా సరే లేపి దించవలెను. రాత్రివేళనైతే దిగినవారంతా దీపపు వెలుతురులో ఒకచోటనే ఉండి, పని ముగియగానే లోపలికి చేరవలెను. జాకీపై ఉన్న బండి క్రిందికి ఎవరూ దూరరాదు. మరొక సంగతి: 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలను సవరించి, పంచరు సామగ్రి, గాలి పీడనాన్ని తెలిపే సాధనం ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా చెల్లునని అనుమతించింది. మన బండిలో స్టెప్నీ ఉన్నదో లేదో ఇంటివద్దనే చూచుకొనడం మంచిది. ట్యూబులేని టైరులో దిగిన మేకును దారిలో పీకరాదు. అది ఉన్నంతసేపు రంధ్రాన్ని చాలవరకు మూసే ఉంచుతుంది.

గుడారపు బసకు ప్రత్యేకమైన జబ్బు బ్యాటరీ దిగిపోవడం. బైర్లూటి వంటి అటవీ శాఖ విడిదిలోగాని, అనుమతి ఉన్న మరొకచోటగాని, రాత్రంతా బండి దీపాల వెలుగులో వంట, పాటలు, అందరి ఫోన్లకు ఛార్జింగు సాగుతాయి. తెల్లవారి తాళం తిప్పితే టిక్కుమన్న శబ్దం మాత్రం వస్తుంది. చేతి గేర్ల బండినైతే తాళం ఆన్ చేసి, రెండవ గేరులో క్లచ్చి నొక్కి ఉంచి, తోసి వేగం అందుకోగానే వదలవచ్చు. ఆటోమేటిక్ బండికి ఈ ఉపాయం పనిచేయదు. మరొక బండి నుండి తీగలు కలిపేటప్పుడు ధనధ్రువాన్ని ధనధ్రువానికి ముందు కలిపి, ఋణధ్రువపు తీగ రెండవ కొనను చివరగా, మన బండి బ్యాటరీకి కాక దానికి దూరంగా ఇంజను లోహానికి తగిలించవలెను. చివరి కలయికలో నిప్పురవ్వ పుడుతుంది. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ మండే వాయువు.

ఏదీ కుదరక టోచన్ కట్టి లాగించవలసి వస్తే, తాళం తీసివేయరాదు, స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇంజను నడవనప్పుడు రెండు మూడు నొక్కుల తరువాత బ్రేకు రాయివలె గట్టిపడుతుందని వెనుక బండి నడిపేవారికి ముందే తెలిసి ఉండవలెను. తాడును బంపరుకు కాక కొక్కేనికే కట్టవలెను. ఆటోమేటిక్ బండిని నడిచే చక్రాలు నేలమీద ఉండగా లాగరాదు, లారీపై ఎక్కించవలసినదే. లాగే బండిలోనికి పిల్లలను, పెద్దలను మార్చి, వెనుక బండిలో నడిపేవారొక్కరే ఉండడం మంచిది. దోర్నాలకో అచ్చంపేటకో చేరిన తరువాత అలసటచేత పంచరు టైరును మరునాటికి వదలిపెడతారు. తిరుగు ప్రయాణం కూడ అదే అడవిగుండా కనుక, ఆ టైరును బాగుచేయించి, దానిలో గాలి కొలిపించి, మార్చిన చక్రం నట్లను మరొకసారి బిగించి, ఆ తరువాతనే భోజనానికి కూర్చొనవలెను.