వ్యాపారం నుంచి ప్రధానమంత్రి పదవికి: ఒముర్బెక్ బబానోవ్ రాజకీయ జీవితం

సంకీర్ణ ప్రభుత్వాల స్వభావాన్ని గురించి మీరు ఇంతకుముందు చదివారు. ధనబలం, సొంత పార్టీ రెండూ ఉన్న నాయకుడు సంకీర్ణ వ్యవస్థలో ఎంతకాలం నిలబడగలడు? ఈ ప్రశ్నను కిర్గిజ్‌స్తాన్ అనుభవం ఆధారంగా ఇక్కడ పరిశీలిద్దాం.

నేపథ్యం

ఒముర్బెక్ బబానోవ్ 1970లో తలాస్ ప్రాంతంలో జన్మించారు. మాస్కోలోని తిమిర్యాజేవ్ వ్యవసాయ అకాడమీలో చదివారు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత ప్రభుత్వ ఆస్తులు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన కాలంలో చమురు వ్యాపారంలో ఎదిగారు. 2005లో పార్లమెంటు సభ్యుడయ్యారు. 2009లో కొంతకాలం మొదటి ఉప ప్రధానమంత్రిగా పనిచేశారు. 2010లో 'రెస్పుబ్లికా' పార్టీని స్థాపించారు.

సంకీర్ణ గణితం

2010 ఏప్రిల్ తిరుగుబాటులో అధ్యక్షుడు బకియేవ్ పదవీచ్యుతుడయ్యాడు. అదే ఏడాది జూన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆమోదం పొందిన కొత్త రాజ్యాంగం పార్లమెంటు అధికారాలను పెంచింది. 120 స్థానాలలో ఏ పార్టీకీ 65కు మించి దక్కకూడదని పరిమితి విధించింది. అక్టోబరు ఎన్నికల ఫలితాలు ఇవి: అతా-జుర్త్ 28, సోషల్ డెమోక్రాట్లు 26, ఆర్-నమీస్ 25, రెస్పుబ్లికా 23, అతా-మెకెన్ 18.

2011 డిసెంబరులో అతా-జుర్త్ మినహా మిగిలిన నాలుగు పార్టీలు కలిసి బబానోవ్‌ను ప్రధానమంత్రిని చేశాయి. ఎన్నికల లెక్క ప్రకారం వాటి బలం 92. ఇంత బలం ఉన్నా ఆ ప్రభుత్వం ఏడాది కూడా నిలవలేదు. కారణాలు గమనించండి. కుమ్‌తోర్ గనిలో బంగారం ఉత్పత్తి పడిపోవడంతో 2012లో ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్నది. తుర్కీ వ్యాపారి నుంచి ఆయన పందెపు గుర్రాన్ని కానుకగా పొందారని ప్రత్యర్థులు ఆరోపించారు. ఆయన దానిని ఖండించారు. ఆగస్టులో అతా-మెకెన్, ఆర్-నమీస్ తప్పుకున్నాయి. 92లో 43 పోగా మిగిలింది 49; మెజారిటీకి 61 కావాలి. సెప్టెంబరు 1న బబానోవ్ రాజీనామా చేశారు.

2017 అధ్యక్ష ఎన్నిక

2017 అక్టోబరు 15న జరిగిన ఎన్నికలో ఆయనకు సుమారు మూడో వంతు ఓట్లు వచ్చాయి. సుమారు 54 శాతం ఓట్లతో సూరొన్‌బయ్ జీన్‌బెకోవ్ గెలిచారు. ప్రచార సమయంలో బబానోవ్ కజకిస్తాన్ అధ్యక్షుడు నజర్‌బయేవ్‌ను కలవడం రెండు దేశాల మధ్య వివాదానికి దారితీసింది. ఓష్ నగరంలో చేసిన ప్రసంగంపై కేసు నమోదైంది. ఆయన దేశం విడిచి, రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించి, 2019లో తిరిగి వచ్చారు.

ఏమి గ్రహించాలి?

సంపద ఎన్నికల ఖర్చును భరించగలదు, పార్టీని నిర్మించగలదు. అయితే మిత్రపక్షాల విశ్వాసానికి అది హామీ ఇవ్వలేదు. వ్యాపారవేత్త పాలకుడైనప్పుడు అతని ప్రతి నిర్ణయం వెనుక సొంత లాభం ఉందేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆరోపణ రుజువు కాకపోయినా ప్రభుత్వం బలహీనపడవచ్చు. ఇటువంటి అస్థిరత కొనసాగిన దేశంలో ప్రజలు బలమైన ఒకే నాయకుడిని కోరుకునే అవకాశం ఉంది. 2021 రాజ్యాంగంతో కిర్గిజ్‌స్తాన్ తిరిగి అధ్యక్ష తరహా పాలనకు మళ్లింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 92 మంది సభ్యుల బలం ఉన్న సంకీర్ణం ఎందుకు కూలిపోయింది?
2. వ్యాపార ప్రయోజనాలకు, ప్రజా పదవికి మధ్య ఘర్షణను నివారించడానికి ఎటువంటి నియమాలు అవసరమని మీరు భావిస్తున్నారు?