గోదావరి హద్దున రెండు అడవికోళ్లు

గడ్చిరోలి జిల్లా సిరోంచ టేకు అడవిలో తెల్లవారుజామున పుంజు కూస్తే, అది ఏ జాతిదో చెప్పడానికి కాస్త ఆగాలి. ఎర్ర అడవికోడి హిమాలయ పాదాల నుంచి ఈశాన్యం, మధ్య భారతం దాకా ఉంటుంది. బూడిద అడవికోడి దక్షిణ, పశ్చిమ భారతానికే సొంతం. రెండింటి హద్దులూ గోదావరి ప్రాంతంలో కలుస్తాయి. సాల అడవి ఎర్రదానిది, టేకు అడవి బూడిదదానిది అని స్థూలంగా అంటారు. ప్రాణహిత ఒడ్డున టేకు, ఇంద్రావతి దాటి బస్తర్‌లోకి వెళ్తే సాల. అందుకే గడ్చిరోలి దక్షిణ అంచున చోటును బట్టి పేరు పెడితే పొరపాటు పడతాం.

పుంజుల తేడా సులువే. ఎర్రదానికి నిప్పురంగు మెడ ఈకలు, తోక మొదట్లో తెల్లటి మచ్చ, సీసపు రంగు కాళ్లు ఉంటాయి. బూడిదదానికి ఒళ్లంతా బూడిద రంగు. మెడ ఈకల మీద లక్క చుక్కల్లాంటి పసుపు మచ్చలు మెరుస్తాయి. దాని కాళ్లు పసుపు, ఎరుపు ఛాయలో ఉంటాయి. అయితే గుడ్ల కాలం ముగిశాక పుంజులు మెడ ఈకలు రాల్చుకుంటాయి. అప్పుడు మెడను నమ్మకుండా ఒంటి రంగు, కాళ్లు చూడాలి.

పెట్టల దగ్గర రొమ్మే గుర్తు. తెల్లటి రొమ్ము మీద నల్లటి అంచులతో పొలుసుల్లా కనిపిస్తే బూడిద అడవికోడి. రొమ్ము ఎర్రమట్టి రంగులో, సన్నటి లేత చారలతో ఉంటే ఎర్రది. కూత విన్నా తెలుస్తుంది. ఎర్ర పుంజు మన ఇంటి పుంజులాగే కూస్తుంది, కాకపోతే చివర్లో టక్కున ఆపేస్తుంది. బూడిద పుంజు గరగరలాడే గొంతుతో ముక్కలు ముక్కలుగా కూస్తుంది.

ఊళ్ల పక్కన ఇంకో చిక్కుంది. మన నాటుకోడికి మూలం ప్రధానంగా ఎర్ర అడవికోడే. కానీ ఎన్నో నాటుకోళ్ల పసుపు కాళ్లు దాని నుంచి వచ్చినవి కావని 2008లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఆహారంలోని కెరోటినాయిడ్లు అనే పసుపు రంగు పదార్థాలను విడగొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు చర్మంలో మందగిస్తే, ఆ పసుపు అక్కడే పేరుకుంటుంది. ఈ రకం జన్యువు బూడిద అడవికోడి నుంచే వచ్చి ఉండాలని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. కాబట్టి ఎర్ర ఈకల పక్షికి పసుపు కాళ్లు కనిపిస్తే ముందుగా నాటుకోడి కలయికను అనుమానించాలి. ఇలా కలుస్తూ పోతే అడవి రక్తం పలచబడుతుంది. ఎర్ర అడవికోడికి ఇది నిజమైన ముప్పు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ రెండింటినీ వేటాడటం నేరం. కనిపించిన పక్షి ఏ జాతిదో నమోదు చేయడానికి రొమ్ము, కాళ్లు స్పష్టంగా పడిన ఫొటో, కూత రికార్డింగు, తేదీ, చోటు ఉంటే చాలు. జాతుల హద్దు జరుగుతోందా, నిలిచి ఉందా అన్నది తెలిసేది ఇలాంటి అంచు అడవుల్లోనే. అక్కడివాళ్లు రాసిపెట్టే ప్రతి వివరమూ శాస్త్రానికి పనికొస్తుంది.